మోటారు ఆన్ చేయరాదు

గుట్టకిందపల్లి, తనకల్లు మండలం
12 జూన్ 2023

కృపా,

నీ రెండో చెవి కూడా పోయిందని మీ చెల్లెలు రెబెకా ఫోనులో చెప్పింది. ముప్పైనాలుగేళ్లు కోర్టులో ఉద్యోగం చేసి లాయర్ల వాదనలు విన్న చెవులు. ఆ మాత్రం విశ్రాంతి కోరుకోవడంలో తప్పులేదు. ఇక నీతో ఫోనులో అరిచి లాభం లేదు. కదిరి హాస్టల్లో ట్రంకుపెట్టెల మీద కూర్చుని చీటీలు రాసుకున్నట్టు మళ్లీ కాగితాలు మొదలుపెడుతున్నాను.

ముందు శుభవార్త. నాకు అప్పీలు కోర్టులో స్టే వచ్చింది. మా లాయరు రామాంజులు మిఠాయి పెట్టమన్నాడు. పెట్టాను. తిన్నాక కాగితం చదివి చెప్పాడు.

నీకు సగం సంగతే తెలుసు కాబట్టి మొత్తం రాస్తాను. మాకు రెండెకరాల్లో నూట ఇరవై చీనీ బత్తాయి చెట్లున్నాయి. తొమ్మిదేళ్ల చెట్లు. మొదటి రెండేళ్లు నేనూ మా ఆయన ఆదెప్పా బిందెలతో నీళ్లు పోసి బతికించినవి. పాత బోరు ఎండిపోతే నాలుగేళ్ల కింద కొత్తది వేశాం. నీళ్లు పడ్డాయి. మేం చేసిన నేరం అదే. గట్టు అవతలి కుళ్లాయప్ప, నా బోరు తన బోరుకు మరీ దగ్గరగా ఉందని, తన నీళ్లు నేను గుంజుకుంటున్నానని దావా వేశాడు. కింది కోర్టు ఆయన్నే నమ్మింది. నెలలోపల నా బోరులో కంకర పోసి పూడ్చేయాలని డిక్రీ ఇచ్చింది. దాని మీద అప్పీలు వేసి, అది తేలేదాకా డిక్రీ అమలు ఆపమని అడిగాం. ఆపారు. కింద ఒక షరతు పెట్టారు.

"అప్పీలు తేలువరకు అప్పీలుదారు సదరు మోటారును ఏ కారణము చేతనైనను ఆన్ చేయరాదు."

చూశావా? బోరు ఉంటుంది, అందులో నీళ్లుంటాయి, మోటారూ ఉంటుంది. వేయకూడదు, అంతే. రామాంజులును అడిగాను.

"ఏమప్పా, ఇది స్టేనా? పూడిస్తే నీళ్లు రావు, పూడ్చకున్నా రావు. ఏంది తేడా?"

"తేడా ఉండాదక్కా. పూడిస్తే కేసు అయిపోతాది. ఇప్పుడైతే కేసు ఉండాది."

ఆయనకు కేసు బతికితే చాలు. నాకు చెట్లు బతకాలి.

ఈ షరతు మార్చమని అదే కోర్టును అడగవచ్చా? ఇంకొకటి. "ఏ కారణము చేతనైనను" అని ఇంత ముచ్చటగా రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియాలి. కోర్టంతా తిరిగినదానివి, నీకు తెలిసే ఉంటుంది.

మల్లీశ్వరి


తాడిపత్రి
21 జూన్ 2023

ప్రియమైన మల్లీకి వందనాలు.

చెవులు పోయినందుకు నన్ను పరామర్శించవద్దు. మా వీధిలో రెండు బండల పాలిష్ మిల్లులున్నాయి. ఇరుగుపొరుగంతా నన్ను చూసి అసూయపడుతున్నారు.

విషయానికి వస్తాను. డిక్రీ అమలును ఆపేటప్పుడు షరతు పెట్టే అధికారం కోర్టుకు ఉంది. పెట్టిన షరతును మార్చే అధికారం కూడా ఉంది, ఎందుకంటే స్టే అనేది మధ్యలో ఇచ్చే ఉత్తర్వు, చివరి తీర్పు కాదు. అయితే దానికి దారులు రెండు. ఒకటి 'పునఃసమీక్ష'. మీ ఉత్తర్వులోనే తప్పుంది, మళ్లీ చూడండి అని జడ్జిగారి ఎదుటే చెప్పడం. అది ఇరుకు సందు. అందులోకి దూరినవాళ్లు మోచేతులు గీరుకుని బయటికొస్తారు. రెండోది 'సవరణ'. ఉత్తర్వు బాగానే ఉంది, పరిస్థితి మారింది, షరతు మార్చండి అని అడగడం. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. రాకుండా పోయిన వాన చేసింది. వాన కోర్టుకు వచ్చి అభ్యంతరం చెప్పదు.

కాబట్టి పిటిషను పైన 'సవరణ' అని ఉండాలి. రామాంజులు దగ్గర నిలబడి రాయించు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. స్టార్టరు డబ్బా మూత కూడా తెరవకు. షరతు తప్పావని తేలితే స్టే పోతుంది. మర్నాడే కోర్టు అమీనా కంకర ట్రాక్టరుతో దిగుతాడు. ఆదెప్పన్నకు కూడా చెప్పు.

ఆ వాక్యం ఎవరిదని అడిగావు. కోర్టులో వాక్యాలకు అమ్మానాన్నలుండరు మల్లీ. ఒక ఫైలులోంచి లేచి ఇంకో ఫైలులో కూర్చుంటాయి. ఆ సంగతి వదిలెయ్యి.

నీ
కృపాకుమారి


గుట్టకిందపల్లి
30 ఆగస్టు 2023

కృపా,

రామాంజులు దగ్గర నిలబడే రాయించాను. నేను బస్సెక్కాక 'పునఃసమీక్ష' అని మార్చాడు. ఆయన దగ్గర అచ్చువేసిన ఫారాలు ఆ పేరుతోనే ఉన్నాయట, వృథా పోతాయని.

వాయిదా నాడు ఏం జరిగిందో విను. జడ్జిగారు మర్యాదస్థులే, చదివి వచ్చారు.

"నా ఉత్తర్వులో తప్పెక్కడుందో చూపండి."

"తప్పు లేదు సార్," అన్నాడు రామాంజులు.

"మరెందుకొచ్చారు?"

"మార్చాలని సార్."

"తప్పు లేనిదాన్ని మార్చడమెందుకు? అసలు మార్చే అధికారం నాకుందా? ముందు దాని మీద వాదనలు చెప్పండి."

తన అధికారం ఎంతవరకో తనకే తెలియని మనిషి నా మోటారు మీద మాత్రం అధికారం చూపించేశాడు. మూడు వారాల వాయిదా. ఆ రోజు కుళ్లాయప్ప లాయరు రాలేదు. ఇంకో మూడు వారాలు. మొన్న రామాంజులుకు జ్వరం.

ఇక్కడ జూలై అంతా మబ్బులు వచ్చి చూసి పోయాయి. చెట్ల ఆకులు దొన్నెల్లాగా ముడుచుకుంటున్నాయి. వారానికొక ట్యాంకరు తోలిస్తున్నాం. నూట ఇరవై చెట్లకు ఒక ట్యాంకరు నీళ్లు పోయడమంటే పెళ్లివాళ్లందరికీ ఒక గ్లాసు మజ్జిగ పంచినట్టే.

ఇంకో వింత. కుళ్లాయప్ప బోరు ఎండిపోయింది. నా మోటారు ఆగిన మూడో నెలలో! గట్టు దగ్గర కనిపిస్తే వదల్లేదు.

"కుళ్లాయన్నా, నా మోటారు ఆగిపోయ. ఇప్పుడు నీ బోరు పొంగి పారాల గదా?"

"గాలి వస్తాండాది మల్లీశమ్మా."

"నా నీళ్లు నా బోరులోనే కూచోనుండాయి. మరి నీవి యాడికి పోయినాయి?"

"అదే నాకూ తెలీలే."

"ఆ మాటే కోర్టులో చెప్పు."

"చెప్తానంటే లాయరు వద్దనె. కేసు బలంగా ఉండాదంట."

బోరు ఎండింది, కేసు మాత్రం నిండుగా ఉంది. ఆయన ముఖం చూస్తే నవ్వు రావాలి. రాలేదు.

మల్లీశ్వరి


తాడిపత్రి
9 సెప్టెంబరు 2023

ప్రియమైన మల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి రెబెకాకు కూడా వినిపించాను. పరిస్థితి మారిందనడానికి ఇంతకంటే ఏం కావాలి? నీ మోటారు ఆగినా ఆయన బోరు ఎండిందంటే ఆయన నీళ్లు నువ్వు గుంజుకోలేదనేగా! ఆ పాత ఫారం వెనక్కి తీసుకుని కొత్తది వేయమను. కుళ్లాయప్ప బోరు ఎండిన సంగతి రెవెన్యూవాళ్ల చేత రాయించు. ఫోటో తీయించు. నాకు పదేళ్లు వయసు తగ్గినట్టుంది.

స్టార్టరు డబ్బా సంగతి రాస్తే నువ్వు జవాబు రాయలేదు. ఆ డబ్బా మూసే ఉంది కదా?

కృపాకుమారి


గుట్టకిందపల్లి
18 నవంబరు 2023

కృపా,

నువ్వు చెప్పిన కొత్తది వేద్దాం, వేద్దాం అని రామాంజులు అంటూండగానే పాత పిటిషను కొట్టేశారు. పునఃసమీక్షకు తగిన తప్పేదీ ఉత్తర్వులో లేదట, కావాలంటే హైకోర్టుకు పొమ్మన్నారు. హైకోర్టు లాయరుకు ఫోను చేయిస్తే ఆయన నవ్వాడు. "ఇంత చిన్నదానికి ఇక్కడికెందుకమ్మా, షరతు పెట్టిన కోర్టునే అడగండి," అన్నాడు. అటూ ఇటూ తిరిగే బంతికి కూడా మధ్యలో ఒకసారి నేల తగులుతుంది. నాకు అదీ లేదు.

ఇప్పుడు నువ్వు తిట్టే సంగతి రాస్తాను. డబ్బా మూసి లేదు. సెప్టెంబరు మొదటి వారం నుంచీ రోజుకు అరగంట మోటారు వేస్తున్నాను. చెట్లకు కాదు. చెట్లకు పోస్తే తడి కనిపిస్తుంది. మేకలకు, ఇంటికి. ఊరి కొళాయి పదిరోజులకొకసారి వస్తోంది. ఆదెప్ప వద్దన్నాడు. "కోర్టు జూస్తాదిమే," అన్నాడు. నేనే వేశాను. మేక పిల్లలు ఎండిన తొట్టి నాకుతుంటే "ఏ కారణము చేతనైనను" అని వాటికి ఎట్లా చదివి వినిపించను?

రెండో రోజే కుళ్లాయప్ప భార్య హనుమక్క బిందెతో వచ్చి గట్టు మీద నిలబడింది. ఏమీ అడగలేదు. బిందె నింపాను. నాలుగో రోజు నుంచి కుళ్లాయప్పే ఇంటికీ గేదెలకూ రెండు బిందెలు కావడిలో మోసుకుపోతున్నాడు. నా బోరు పూడ్చమని డిక్రీ తెచ్చుకున్నాయన!

తరవాత ఏమైందంటే, ఆయన లాయరు చెట్లు చూడటానికని వచ్చి తొట్టిలో నీళ్లు చూసిపోయాడు. వారం తిరిగేసరికి నేను షరతు తప్పానని, స్టే రద్దు చేయాలని పిటిషను. అడుగున కుళ్లాయప్ప సంతకం. సాయంత్రం ఆయనే వచ్చాడు, బిందెలు లేకుండా.

"మల్లీశమ్మా, ఏదో కాయితం మింద సంతకం పెట్టించుకోని పోయినాడు. ఏముండాదో చదవలేదు."

"చదివినా పెట్టేవాడివేలే."

ఆయన నేల చూశాడు. "రేపట్నుంచి నీళ్లకు రాములే," అన్నాడు.

"నీళ్లకు రావొద్దని నేను చెప్పినానా? నీ లాయరు తాపుతాడా నీ ఎనుములకు?"

మర్నాడు బిందెలతోనే వచ్చాడు. స్టే పోతే, కృపా, బోరు పోతుంది. బోరు పోతే రెండిళ్లు పోతాయి. ఏం చేయాలో చెప్పు. తిట్లు తరవాత.

మల్లీశ్వరి


తాడిపత్రి
1 డిసెంబరు 2023

మల్లీ,

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో రాస్తాను. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆ వాక్యం నాది.

2009లో నేను ఆ అప్పీలు కోర్టులోనే పనిచేసేదాన్ని. ఒక బండల మిల్లు మడ్డినీళ్లు పక్క శెనగచేలోకి పారుతున్నాయని కింది కోర్టు మిల్లు మూసేయమంది. యజమాని అప్పీలుకు వచ్చాడు. అప్పటి జడ్జిగారు స్టే ఇస్తూ, "మామూలు షరతులేవో పెట్టమ్మా," అని భోజనానికి లేచారు. నేను కూర్చుని రాశాను. సదరు మోటారును ఏ కారణము చేతనైనను ఆన్ చేయరాదు. 'ఏ కారణము చేతనైనను' అన్నది మొదట్లో లేదు. చదివితే చప్పగా అనిపించి చేర్చాను. జడ్జిగారు చదివి "బాగుంది" అన్నారు. ముప్పైనాలుగేళ్లలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దాన్ని కంప్యూటర్లో దాచాను. మోటారు అనే మాట వచ్చిన ప్రతి కేసులోనూ అది అతికింది. నా తరవాత వచ్చినవాళ్లూ అతికించారు. మిల్లు మోటారు ఆగితే మడ్డి ఆగుతుంది. బోరు మోటారు ఆగితే ఏమాగుతుందో అతికించినవాళ్లు ఆలోచించలేదు. రాసిన నేనూ ఆలోచించలేదు.

నీ మొదటి ఉత్తరంలోనే గుర్తుపట్టాను. సిగ్గేసి, వాక్యాలకు అమ్మానాన్నలుండరని రాశాను.

కృపాకుమారి


గుట్టకిందపల్లి
14 డిసెంబరు 2023

శ్రీమతి కృపాకుమారి, రిటైర్డు సూపరింటెండెంటు గారికి,

తమరి వాక్యం చాలా చక్కగా ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు. నూట ఇరవై చెట్లలో అరవైరెండు ఎండిపోయాయి. మొన్న ఆదెప్ప వాటిలో ఇరవై కొట్టాడు. కట్టెలు బాగా మండుతున్నాయని ఊళ్లో అందరూ మెచ్చుకుంటున్నారు. తమరికి ఇది రెండో మెప్పుగా జమ వేసుకోగలరు.

స్టే రద్దు పిటిషను మార్చి నెలాఖరులో విచారణకు వస్తుంది. తమరు శ్రమపడవలదు.

ఇట్లు
అప్పీలుదారు


తాడిపత్రి
25 జనవరి 2024

మల్లీ,

నీ ఉత్తరం బైబిల్లో పెట్టుకున్నాను. రోజూ తెరిచే పుస్తకం అదొక్కటే కాబట్టి రోజూ కనిపిస్తుంది.

క్షమించమని రాయడం లేదు. జరిగింది రాస్తాను. నిన్ను తలుచుకుంటూ ఉంటే ఆ మిల్లు కేసు తరవాత ఏమైందో గుర్తు చేసుకోవాలనిపించింది. గుర్తు రాలేదు. బస్సెక్కి పాత కోర్టుకు పోయాను. రికార్డు గదిలో మారుతి అని నా కాలం నాటి అటెండరు ఇంకా ఉన్నాడు. నాకు వినపడదని తెలియక పావుగంట మాట్లాడాడు. తెలిశాక పలక మీద రాసినట్టు రిజిస్టరు వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "ఏం గావాల మేడమ్." నేనూ అదే అట్ట మీద కేసు సంవత్సరం రాశాను. ఆ రోజంతా దుమ్ము దులిపాం. రెండో రోజు మధ్యాహ్నం కట్ట దొరికింది.

మల్లీ, కూర్చుని చదువు. ఆ మిల్లు యజమాని షరతు మార్చమని పిటిషను వేశాడు. పైన 'సవరణ' అని ఉంది. కోర్టు ఒప్పుకుంది. షరతు పెట్టిన పదకొండో రోజున. "షరతు విధించిన కోర్టుకు, పరిస్థితిని బట్టి దానిని సవరించు అధికారము కలదు. స్టే ఇచ్చిన ప్రయోజనమునే షరతు చంపరాదు." ఇదీ ఉత్తర్వు. మిల్లు యజమానికి వచ్చిన కష్టమేమిటంటే బండల ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి.

దాని అడుగున టైపు చేసినవారి గుర్తు నాదే. ఆ కాగితమూ నా చేత్తోనే వచ్చింది. షరతు వాక్యాన్ని కంప్యూటర్లో దాచాను, దాన్ని సడలించిన వాక్యాన్ని దాచలేదు. ఎందుకని ఈ నెలరోజులుగా ఆలోచిస్తున్నాను. షరతు అందరికీ పనికొస్తుందనుకున్నాను. సడలింపు మిల్లు యజమానుల్లాంటి మనుషులకే వస్తుందనుకుని ఉంటాను.

సర్టిఫైడ్ కాపీ దీంతో పంపుతున్నాను. రామాంజులుకు ఇవ్వు. అచ్చు ఫారం వద్దు. కొత్త సవరణ పిటిషను నేనే రాసి జతపరిచాను, సంతకం పెట్టి దాఖలు చేయమను. నీళ్లు ఎవరెవరు తాగారో అందులో దాచకుండా రాశాను. దాచితే కుళ్లాయప్ప లాయరు బయటపెడతాడు. మనమే చెబితే అది కారణమవుతుంది.

విచారణ నాడు నేను వస్తాను. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఎట్లాగూ వినపడదు.

కృపాకుమారి


గుట్టకిందపల్లి
6 ఏప్రిల్ 2024

కృపా,

నువ్వు వెనక బెంచీలో కూర్చుని జడ్జిగారి పెదాలనే చూస్తూ ఉన్నావు. ఆయన చేతిని అడ్డం పెట్టుకుని మాట్లాడతారు కాబట్టి నీకు ఒక్క ముక్క అంది ఉండదు. బయటికి రాగానే మా బస్సుకు టైమైంది. నా కోపం కూడా ఇంకా దిగలేదు. అందుకే అక్కడ ఏమీ రాసి చూపించలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

రామాంజులు నీ కాగితాన్ని గట్టిగా చదివాడు. చదవడం ఆయనకు బాగానే వచ్చు. జడ్జిగారు పాత ఉత్తర్వు కాపీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఈ కోర్టు ఉత్తర్వేనా?"

"ఈ కోర్టుదే సార్."

"షరతులో మాటలు అక్షరం పొల్లు పోకుండా ఇవే ఉన్నాయే!"

రామాంజులు గర్వంగా నా వైపు తిరిగి తలూపాడు. మొదటిసారి.

"పదకొండు రోజుల్లో సవరించారు," అని మళ్లీ చూశారు జడ్జిగారు. "ఈమె అడిగి ఎన్నాళ్లయింది?"

నేనే లేచి చెప్పాను. "తొమ్మిది నెలలాయ సార్."

అవతలి లాయరు లేచాడు. ఇది వేరు, అది వేరు, ఈమె షరతు తప్పింది, ధిక్కారం అన్నాడు. అప్పుడు కుళ్లాయప్ప, ఎవరూ పిలవకుండానే, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ముందుకొచ్చాడు.

"సామీ, ఒక మాట. ఆయమ్మ మోటారు ఏసింది నిజమే. ఆ నీళ్లు తాగింది నేను."

"నీ కేసు ఆమె మీదే కదయ్యా!"

"అవు సామీ. నా బోరు ఎండిపాయ. మేము తాగినామని ఆయమ్మకు శిచ్చ యాస్తే, తాగినోన్ని నన్నేం జేస్తారు?"

ఆయన లాయరు చొక్కా పట్టి వెనక్కి లాగాడు. చొక్కా చినిగింది గానీ కుళ్లాయప్ప జరగలేదు. నువ్వు నవ్వావు చూడు, అప్పుడు జరిగింది ఇది.

జడ్జిగారు చాలాసేపు రాశారు. షరతు పెట్టిన కోర్టుకు దాన్ని మార్చే అధికారం ఉందన్నారు. మొదట ఇచ్చినప్పుడు బోరుకూ మిల్లుకూ తేడా చూడవలసింది అని కూడా అన్నారు. ఆ మాట రికార్డులోకి ఎక్కించలేదు, నోటితో అన్నారు. అందుకే నీకు రాస్తున్నాను. షరతు తప్పినందుకు నన్ను హెచ్చరించి వదిలారు. ఇక మీద రోజూ ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా నేను మోటారు వేసుకోవచ్చు.

ఊళ్లో దిగేసరికి అందరికీ తెలిసిపోయింది. మర్నాడు తొమ్మిదికి నేను, ఆదెప్ప, హనుమక్క డబ్బా ముందు నిలబడ్డాం. మీట నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. మోటారు పాడైందనుకున్నాను. కాదు. మా లైనుకు త్రీఫేజు కరెంటు పదకొండున్నరకు ఇస్తారు. పోయిన నెల మారిందట. విచారణ దగ్గర పడుతోందని ఫిబ్రవరి నుంచి డబ్బా మూసి ట్యాంకరు నీళ్లతోనే గడిపాం, అందుకే మాకు తెలియలేదు.

కోర్టు ఇచ్చిన టైములో కరెంటు లేదు. కరెంటు ఇచ్చిన టైములో కోర్టు లేదు. ఆదెప్ప బీడీ ముట్టించి, "ఇద్దురూ ఒగే గవర్నమెంటేనా?" అన్నాడు.

బతికున్న చెట్లు నలభైయొకటి.

మల్లీశ్వరి


తాడిపత్రి
13 ఏప్రిల్ 2024

మల్లీ,

నీ సంతకం దగ్గర 'అప్పీలుదారు' లేదు. ముందు అదే చూశాను.

గంటలు మార్చమని ఇంకో పిటిషను జతపరిచాను. "విద్యుత్తు సరఫరా ఉన్న వేళ ఏ రెండు గంటలైనను" అని రాశాను. ప్రతి మాటా నీ బోరు పక్కన నిలబడి చూసినట్టు ఊహించుకుని రాశాను. కానీ మే నెలంతా కోర్టులకు వేసవి సెలవులు. ఎండలకు మనుషులు తట్టుకోలేరని. జూన్ దాకా విచారణకు రాదు.

ఇక జాగ్రత్తగా చదువు. కొత్త ఉత్తర్వు నకలు తెప్పించుకున్నాను. "అప్పీలుదారు తొమ్మిది నుండి పదకొండు వరకు మాత్రమే ఆన్ చేయవలెను" అని ఉంది. పాతదాంట్లోనూ "అప్పీలుదారు ఆన్ చేయరాదు" అనే ఉంది. అప్పీలుదారు అంటే నువ్వు. ఇంకెవరి ప్రస్తావనా లేదు. డిక్రీ గెలిచినాయన నీ మోటారు వేస్తాడని పదిహేనేళ్ల కింద నాకు తోచలేదు, ఇప్పుడు జడ్జిగారికీ తోచలేదు. ఇది నా లెక్క మాత్రమే, జడ్జిగారు ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. ఎవరిని అడగాలో, అడగాలో వద్దో నువ్వే తేల్చుకో.

నీ
కృప


గుట్టకిందపల్లి
22 జూన్ 2024

కృపా,

నీ ఉత్తరం అందిన రోజే కుళ్లాయప్ప దగ్గరికి పోయి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు.

"అంటే నేను ఏస్తే తప్పు లేదా?"

"లేదంటాంది కృప. జడ్జి ఏమంటాడో తెలీదు."

"నాకేం షరతు పెట్టినారా? నేను గెలిచినోన్ని గదా!"

తలగుడ్డ చుట్టుకుని బయలుదేరాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా రోజూ కరెంటు వచ్చే వేళకు వచ్చి, మీట నొక్కి, వేపచెట్టు కింద రెండు గంటలు కూర్చుని, ఆపి పోతున్నాడు. నేను డబ్బాకు పది అడుగుల దూరంలో నిలబడతాను. మొదటిరోజు మోటారు రెండుసార్లు దగ్గి, తుప్పునీళ్లు కక్కి, తరవాత తెల్లగా పోసింది. హనుమక్క ఏడ్చింది. నాకు చెట్ల దగ్గరికి పరిగెత్తే తొందరలో ఏడవడానికి తీరిక లేకపోయింది. ఒక కాలువ ఆయన ఎనుముల తొట్టికి, ఒకటి మా చెట్లకు. మే ఎండల్లో ఇంకో ఆరు చెట్లు పోయాయి. ముప్పైఅయిదు నిలబడ్డాయి. నాలుగు చెట్లకు కొత్త చిగురు వచ్చింది. ఈ ఏడు కాయ ఉండదు.

సెలవులు అయిపోయాక నీ పిటిషను మొదటి వాయిదాలోనే ఒప్పుకున్నారు. కరెంటు ఉన్నప్పుడు ఏ రెండు గంటలైనా. నువ్వు రాసిన మాటలే పెట్టారు. జడ్జిగారు ఒక అక్షరం కూడా మార్చలేదని రామాంజులు అన్నాడు. ఈ వాక్యాన్ని వాళ్లు కంప్యూటర్లో దాచుకుంటారో లేదో తెలియదు. నేనైతే దాచుకున్నాను.

ఇప్పుడు నేనే వేసుకోవచ్చు కదా, కుళ్లాయప్ప మాత్రం మానలేదు. అలవాటైందట. పోయిన వారం వేపచెట్టు కింద కూర్చుని ఉన్నట్టుండి అడిగాడు.

"మల్లీశమ్మా, అసలు అప్పీలు ఎప్పుడు తేలుతాది?"

"ఇంకా మొదలే కాలేదన్నా. ఇదంతా స్టే కాడనే."

"తేలి నేను గెలిస్తే?"

"గెలిస్తే ఏముండాది. నా బోరు పూడుస్తారు."

ఆయన తొట్టి వైపు తిరిగాడు. ఎనుములు తాగుతున్నాయి.

"మరి నాకు నీళ్లు యాడివి?" అన్నాడు.

మర్నాడే తన లాయరు దగ్గరికి పోయి కేసు వద్దన్నాడట. ఆ పెద్దమనిషి భుజం తట్టి, భయపడొద్దు, తప్పకుండా గెలిపిస్తానన్నాడట. అప్పటి నుంచి కుళ్లాయప్పకు అన్నం సహించడం లేదు.

అందుకని ఈ ఉత్తరం. ఆయన ఇక్కడే నా పక్కన కూర్చుని ఉన్నాడు, రాస్తున్న ప్రతి ముక్కా చదివించుకుంటున్నాడు. గెలిచిన కేసు ఓడిపోవాలంటే ఏ కాగితం వేయాలో నువ్వే రాసి పంపాలి. కాగితం పైన ఏం పేరు పెట్టాలో కూడా రాయి. పోస్టులో వద్దంటున్నాడు, ఆలస్యమవుతుందట. నువ్వే తీసుకుని రా. ఇక్కడ మాకు ఇద్దరికీ అరిచి మాట్లాడటం బాగా అలవాటు.

మల్లీ